నాలుగున్నర శ్రుతిలో ఫ్రెంచి పాట

మా మనవరాలు అన్యకి పద్నాలుగేళ్లు. అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంటికి నేను వెళ్లినప్పుడల్లా, అది స్కూల్ నుంచి రాగానే ముందు ఫ్రిజ్ తలుపు తీస్తుంది, ఆ తరవాతే నా గది తలుపు తీస్తుంది. ఈమధ్య వెళ్లినప్పుడు ఒకరోజు ఫ్రిజ్ జోలికి పోకుండా సరాసరి నా దగ్గరికే వచ్చింది. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి పియానో స్వరాలతో అచ్చువేసిన పాట, రెండోది టీచర్ ఇచ్చిన హోంవర్క్.

"అమ్మమ్మా, హెల్ప్ చెయ్. కాయిర్‌లో నాకు సోలో ఇచ్చారు, ఫ్రెంచ్ సాంగ్. దాని టెంపో, కీ, మూడ్ గురించి రాయాలి. ఒక్కోదానికి టూ సెంటెన్సెస్ చాలు."

కళ్లజోడు వెతికి పెట్టుకుని పాట కాగితం చూశాను. మొదటి వరస చూసేసరికే నవ్వొచ్చింది. సాయంత్రంపూట పెరట్లో ఒకావిడ ఆరేసిన బట్టలు తీస్తూ, వెళ్లిపోయిన మనిషిని తలుచుకునే పాట అది. నాలుగో వరసలో గొంతు అమాంతం మేడెక్కే చోటు కూడా ఎక్కడుండాలో అక్కడే ఉంది.

"ఈ పాట నాకు తెలుసే. నేను పాడాను," అన్నాను.

"నువ్వు? ఫ్రెంచ్ సాంగ్? నువ్వు?"

ఆ రెండో 'నువ్వు' నాకు కాస్త గుచ్చుకుంది. ముప్పై ఏళ్లు ఫార్మసీలో మందులు లెక్కపెట్టి రిటైరైన మనిషి ఫ్రెంచి పాట పాడకూడదని ఎక్కడైనా రాసి ఉందా? అన్యకి రెండేసి వాక్యాల్లో చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను. నాకు వాక్యాల లెక్క పెట్టేవాళ్లెవరూ లేరు.

అప్పట్లో మేం అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాకు పదిహేడేళ్లప్పుడు నాన్నకి అక్కడొక మందుల కంపెనీలో ఉద్యోగమొచ్చి, బందరు నుంచి అందరం తరలివచ్చాం. అందరం అంటే అమ్మ, నాన్న, నేను, కామాక్షత్తయ్య. అత్తయ్య నాన్నకి అక్కగారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక లేకపోయింది" అనేది, అది నిజం కూడాను. తెల్లారితే చాలు పిల్లలకి పాఠాలు చెప్పేది. అయిదో ఏట నన్ను కూచోబెట్టి సరళీస్వరాలు మొదలుపెట్టించిందీ ఆవిడే. అమెరికా వస్తూ ఆవిడ తెచ్చుకున్న సామానల్లా నాలుగు చీరలు, ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరు, మద్రాసులో కొన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. ఇక్కడి కరెంటుకి అది పలకదని నాన్న ఎక్కణ్ణించో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకొచ్చారు. ఇటుకంత బరువుండే ఆ డబ్బా వేడెక్కితే బేస్‌మెంటంతా ఒకరకమైన కమురు వాసన వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా వైరు కాలిన వాసనొస్తే నాకు పాఠం అప్పజెప్పాలేమోనని గాభరా పుడుతుంది.

మా పొద్దులన్నీ ఒకలాగే ఉండేవి. ముందు డికాషన్ వాసన మెట్లమీదుగా పైకొచ్చేది, దాని వెనకే శ్రుతి మోత. మంచు పడినా, సెలవైనా ఆ రెండూ ఆగేవి కావు. అత్తయ్య రెండు మిరియపు గింజలు బుగ్గన పెట్టుకుని, శాలువా కప్పుకుని, ఉన్ని మేజోళ్లతో చాపమీద బాసింపట్టు వేసుకుని కూచునేది. పెరుగు గొంతుకి శత్రువని ఊళ్లో పిల్లలందరికీ చెప్పేది గానీ, తను మాత్రం పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేచేది కాదు. పాఠంలో ఆవిడకి రెండే పట్టింపులు. ఒకటి, తాళం వేసే చెయ్యి ఆగకూడదు, వేగం మారకూడదు. మొదట్లో ఏ నడకో చివరిదాకా అదే నడక. రెండోది, దొంగగొంతు పెట్టకూడదు. పైస్వరాలు అందక గొంతు సన్నం చేసి జారిపోయానా, తొడమీద చరిచేది. "దొంగగొంతు పెట్టకే! ఉన్న గొంతు పెట్టు!" రోజుకి పదిసార్లైనా ఆ మాట పడేదాన్ని.

కాలేజీలో రెండో ఏడు ఏదైనా ఒక కళ నేర్చుకోవాలన్నారు. బొమ్మలు నాకు రావు, నాటకాలంటే నాన్న ఒప్పుకోరు. ఇంట్లో చెప్పకుండా వోకల్ క్లాసులో పేరిచ్చాను. చెప్పకపోవడానికి కారణం అత్తయ్య. ఇంగ్లీషు పాటలు నేర్చుకుంటే గొంతు చెడిపోతుందని ఆవిడ నమ్మకం. బందరులో ఎవరో అమ్మాయి చర్చిలో పాడటం మొదలెట్టాక గమకాలు పలకడం మానేశాయట. ఆ కథ నా చెవిలో ఇల్లు కట్టుకుని వినిపించేది. తెలిస్తే నాకు పాఠం మానేస్తుందేమోనని భయం. ఆ పాఠం లేకుండా నాకు పొద్దు ఎలా మొదలవుతుందో తెలీదు.

మా టీచర్ మిసెస్ వార్డ్. పొడుగు మనిషి, అరవై దాటాయి, పెన్సిల్ ఎప్పుడూ జుట్టులో గుచ్చుకుని ఉండేది. పియానో తనే వాయించేది. మొదటి క్లాసులోనే ఈ ఫ్రెంచి పాట నా చేతిలో పెట్టి, పాట నోట్లోకి రాకముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలంది. ఎంత వేగం? ఏ కీ, అంటే ఏ శ్రుతి? ఏ మూడ్? కాగితం మీద ఫ్రెంచిలో 'తొందర లేని నడక' అని రాసుందని చెప్పింది. కీ మైనర్ కాబట్టి మూడ్ విషాదమంది. నాకేమో ఆ మైనరు అచ్చం కీరవాణి రాగంలా వినిపించింది. కీరవాణిలో ఏడవాలనిపించడం నేనెప్పుడూ ఎరగను. కానీ గురువు విషాదమంటే విషాదమే కదా, మొహం వేలాడేసుకుని పాడేదాన్ని.

మొదటి చిక్కు వేగంతో వచ్చింది. ప్రతి చరణం చివరా పియానో నెమ్మదిస్తుంది, గాయని ఊపిరి తీసుకుని నిలబడాలి. నా చెయ్యి మాత్రం నా మాట వినకుండా తొడమీద తాళం వేసుకుంటూ పోయేది. పియానో ఇంకా గుమ్మంలో ఉండగానే నేను వీధి చివరికి వెళ్లిపోయేదాన్ని. మిసెస్ వార్డ్ నవ్వి, ఒకరోజు నా చేతిమీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆ దెబ్బకి పాటే మర్చిపోయాను.

రెండోది అంతకన్నా పెద్ద చిక్కు. నాలుగో వరసలో ఆ మనిషి పేరు పలికే చోట స్వరం అంతెత్తుకి పోతుంది. నాకు అక్కడికి అందేది కాదు. మిసెస్ వార్డ్ ప్రతివారం అడిగేది, "ఈ కీ నీకు కంఫర్టబుల్‌గా ఉందా?" అని. నేను గంగిరెద్దులా తలూపేదాన్ని. "యెస్ మామ్, వెరీ కంఫర్టబుల్." గురువు పాట ఇచ్చాక ఇది నాకు పనికిరాదని అనడం మా ఇంటావంటా లేదు. ఆవిడ నన్ను నమ్మింది. నమ్మి, సాధన చెయ్యడం లేదనుకుంది. ఒకరోజు పెన్సిల్ జుట్టులోంచి తీసి మెల్లగా చెప్పింది. స్ప్రింగ్ రిసైటల్, అంటే క్లాసు పిల్లల కచేరీ, ఇంకా మూడు వారాలుంది, వచ్చే శుక్రవారానికి పై స్వరం శుభ్రంగా రాకపోతే ఈ పాట ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు అని. తలూపాను. బయటికొచ్చి బస్‌స్టాప్‌లో ఏడ్చాను. ఆ పాట అప్పటికే నాదైపోయింది. బట్టలు మడతపెడుతున్నా అదే, బస్సులో కూచున్నా అదే.

ఆ వారమంతా ఇంట్లో దొంగతనంగా సాధన చేశాను. వాషింగ్ మెషీన్ ఉన్న గదిలో దూరి, డ్రయర్ ఆన్ చేసి, ఆ రొదలో పాడేదాన్ని. డ్రయర్ షీట్ల సబ్బు వాసన, వేడి తువ్వాళ్లు, ఫ్రెంచి మాటలు. ఉతికినవే మళ్లీ ఉతికాను. అమ్మ మురిసిపోయి పక్కింటావిడతో చెప్పుకుంది కూడా, మా నీల ఎంత మారిందో అని.

గురువారం పొద్దున అత్తయ్య నా పళ్లెంలో ఇడ్లీ వేస్తూ, మొహం చూడకుండా అడిగింది.

"నాలుగో ముక్కలో, ఆ పైన గాంధారమో ఏదో, అక్కడ కోడిపిల్లని తొక్కినట్టు ఏవిటే ఆ అరుపు?"

నాకు గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. మెట్లమీద కూచుని మూడు రోజులుగా వింటోందట. నేను ఉన్నదంతా కక్కేశాను. క్లాసు, పాట, శుక్రవారం, ఇంకో అమ్మాయి. తిట్టు కోసం తలొంచుకున్నాను. ఆవిడ తిట్టింది గానీ నేననుకున్న దానికి కాదు.

"అందనప్పుడు అందట్లేదని చెప్పొద్దుటే? శ్రుతి మనిషికి ఉంటుంది గానీ పాటకేవిటే? దించి వాయించమను."

"టీచరత్తయ్యా ఆవిడ! ఎలా చెప్తాను?"

"నువ్వు చెప్పకు. నే చెప్తా."

"నీకు ఇంగ్లీషు రాదుగా!"

"పియానో వచ్చినావిడకి ఇంగ్లీషెందుకే?"

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. ఆవిడ నేత చీర, దానిమీద నాన్న పాత ఓవర్‌కోటు, కాళ్లకి తెల్ల స్నీకర్లు. బస్సులో నా చేత పాట అర్థం చెప్పించుకుంది. బట్టలు తీస్తూ వెళ్లిపోయినవాణ్ణి తలుచుకుంటుందని, చాలా విషాదమని చెప్పాను.

"బట్టలు తీసేదాకా తలుచుకుంటుంది, తీసి లోపలికి పోయి దీపం పెట్టుకుంటుంది. ఇందులో ఏడుపెక్కడుందే? ఏడ్చేది ఇంత నిదానంగా నడుస్తుందా?" అంది. ఎదుటి సీటులో ముసలాయన ఆవిడ చేతులు తిప్పడం చూసి టోపీ తీసి పలకరించాడు. అత్తయ్య ఆయనకి నమస్కారం పెట్టింది.

క్లాసు గదిలోకి వెళ్లగానే మిసెస్ వార్డ్‌కీ నమస్కారం పెట్టి, అనుమతి కోసం ఆగకుండా పియానో ముందుకి వెళ్లి నిలబడింది. ఒక వేలితో ఒక మెట్టు నొక్కి, "స అను" అంది నాతో. అన్నాను. కింది మెట్టు. "అను." ఇంకా కింద. "అను." ఇలా దింపుకుంటూ పోయి ఒక నల్ల మెట్టు దగ్గర ఆగింది. అక్కడ నా గొంతు, నాకే వింతగా, గదంతా నిండింది. మిసెస్ వార్డ్ కుర్చీలోంచి లేచింది.

"ఇదీ! దీనిది నాలుగున్నర శ్రుతి!" అని అత్తయ్య విజయగర్వంతో ఆవిడ వైపు తిరిగింది, ఆ నల్ల మెట్టు నొక్కుతూనే.

మిసెస్ వార్డ్ నన్ను చూసి, "నీలా, ప్రతివారం అడిగాను కదా. ఎందుకు చెప్పలేదు?" అంది. ఆవిడ బీరువా తెరిచి మూడు పుస్తకాలు తీసి పియానో మీద వరసగా పెట్టింది. ఒకే పాటల పుస్తకం, ఎత్తు గొంతుకి ఒకటి, మధ్యస్థానికి ఒకటి, కింది గొంతుకి ఒకటి. ఇన్నాళ్లూ నా వెనకాల, నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. అత్తయ్య మూడూ పేజీలు తిప్పి చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. "వీళ్లకీ తెలుసన్నమాట!" అంది.

కానీ మిసెస్ వార్డ్ అంత తేలిగ్గా వదల్లేదు. రచయిత ఈ కీ ఊరికే ఎంచుకోలేదు, దించితే పాట రంగు మారుతుంది, వినండి అని రెండింటిలోనూ వాయించి చూపించింది. నేను అనువాదం చేస్తున్నాను. అత్తయ్య కళ్లు మూసుకుని వింది. పైదాంట్లో పియానో నీళ్లు చిలకరించినట్టు తేలిగ్గా పలికింది. కిందిదాంట్లో అవే వరసలు బరువెక్కాయి. "నిజమేనే. ఇదైతే కాస్త మబ్బు పట్టినట్టుంది," అని ఒప్పుకుంది. ఆవిడ ఒక మాట ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదలు. "అయినా మబ్బులో పాడే పిల్ల పిడుగులా అరిచే పిల్లకన్నా నయం అని చెప్పు." నేను కాస్త మర్యాదగా మార్చి చెప్పాను. మిసెస్ వార్డ్ ఎంతో కొంత గ్రహించినట్టే ఉంది, గట్టిగా నవ్వి, కింది గొంతు పుస్తకం నా చేతికిచ్చింది. పాట నాకు దక్కింది.

తిరుగు బస్సులో అత్తయ్య దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. అంత దూరం వచ్చి అలిసిపోయిందనుకున్నాను.

రిసైటల్‌కి అందరూ వచ్చారు. నాన్న సూటు, అమ్మ చేతిలో టీచర్ కోసం జంతికల డబ్బా. అత్తయ్య పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూచుంది. నేను లేచి నిలబడి, పియానో రెండు వరసలు వాయించేసరికల్లా ముందు వరసలోంచి 'టప్' అని వినిపించింది. అత్తయ్య తాళం. పాట మూడేసి దెబ్బల నడక, ఆవిడ అది పట్టేసుకుని నిబ్బరంగా వేసుకుంటూ పోతోంది. చుట్టుపక్కల వాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. నాన్న మొహం ఎర్రబడింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నాలుగో వరసలో పేరు పలికే చోటు వచ్చింది, వెళ్లింది. అందిందా అని ఆలోచించే పనే పడలేదు.

తరవాత చరణం చివర పియానో నెమ్మదించడం మొదలుపెట్టింది. ఎదురుగా అత్తయ్య చెయ్యి, పక్కన మిసెస్ వార్డ్ వేళ్లు. పుట్టి బుద్ధెరిగాక నేను ఆ చేతి వెంటే నడిచాను. అది వదిలితే ఆవిడకి ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. కానీ పాట ఆగమంటోంది. ఆగాను. పైకి లేచిన అత్తయ్య చెయ్యి దిగలేదు. అలాగే గాల్లో నిలిచిపోయింది. ఆవిడ కళ్లు నా నోటిమీద ఉన్నాయి. నేను ఊపిరి తీసుకుని చివరి మాట అందుకున్నాక, దాంతోపాటే ఆ చెయ్యి మెల్లగా, చప్పుడు లేకుండా తొడమీద వాలింది. ఇప్పటికీ ఎవరైనా నన్ను ప్రేమించారా అని ఎప్పుడైనా అనిపిస్తే నాకు ఆ గాల్లో ఆగిన చెయ్యే గుర్తొస్తుంది. చప్పట్లు బాగానే కొట్టారు. మిసెస్ వార్డ్ జంతికలు అక్కడికక్కడే తినేసింది.

అన్య ఇదంతా మంచమ్మీద బోర్లా పడుకుని వింది. వింటూనే ఫోన్‌లో ఏదో నొక్కుతోంది. వినడం లేదేమోనని నాకు చిరాకు కూడా వేసింది. తీరా చూస్తే అది నొక్కుతున్నది పాటనే.

"నాకు కూడా ఆ హై నోట్ హార్డే, అమ్మమ్మా. చూడు, ఈ యాప్‌లో టూ స్టెప్స్ డౌన్ చేశా. టెంపో కూడా స్లో చెయ్యొచ్చు. మిస్‌కి నిన్నే ఈమెయిల్ చేశా, దిస్ కీ డజంట్ వర్క్ ఫర్ మీ అని. షీ సెడ్ ఓకే."

అంతే. బస్సు లేదు, ఓవర్‌కోటు లేదు, డ్రయర్ రొద లేదు. నాకు సంతోషం వేసింది, నిజంగానే. కాస్త కుళ్లు కూడా వేసింది. ఎవరికీ కోపం రాకుండా, ఎవరి పరువూ పోకుండా, ఒక చిన్న వాక్యంలో ఇది నాకు పడదని చెప్పేసి ఫ్రిజ్ దగ్గరికి పోగలగడం ఎంత హాయి! మా రోజులే బాగున్నాయనే ముసలివాళ్ల జాబితాలో నన్ను చేర్చకండి. ఈ ఒక్క విషయంలో దాని రోజులే బాగున్నాయి. మూడ్ కింద ఏం రాయమంటావని అడిగితే, బట్టలు తీస్తున్న మనిషి నడకలా ఉందని రాయమన్నాను. అది "దట్స్ టెంపో, అమ్మమ్మా" అని విసుక్కుని, 'పీస్‌ఫుల్' అని రాసుకుంది.

దాని ఈమెయిల్‌లో ఉన్న మాట నేను మొదటిసారి నోరు తెరిచి అన్నది రిసైటల్ అయిన మరుసటి శనివారం. అన్నది మిసెస్ వార్డ్‌తో కాదు.

ఆ పొద్దున బేస్‌మెంట్‌లో చాపమీద ఎదురుబొదురుగా కూచున్నాం. అత్తయ్య మామూలుగా ఆరు శ్రుతి పెట్టింది. నాలుగున్నరకి బాగా పైది, ఆవిడ గొంతుకి అదే. బందరులో మొదటి రోజు నుంచి నా పాఠాలన్నీ అందులోనే, ఆవిడ గొంతు వెనకాల నా గొంతు. శ్రుతి మోగుతోంది గానీ ఆవిడ మొదలుపెట్టలేదు. బుగ్గలో మిరియపు గింజని అటూ ఇటూ తిప్పుతూ కాసేపు కూచుని, అప్పుడు అడిగింది.

"నీలూ, ఇన్నేళ్లూ ఇది నీకు సుఖంగా ఉండేదిటే?"

నా తల దానంతటది ఊగబోయింది. ఆపుకున్నాను.

"లేదత్తయ్యా. నాకు ఎక్కువ."

"ఎప్పణ్ణించి?"

"మొదట్నించీ."

ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఎందుకో ఆవిడకి తెలుసు. శ్రుతిపెట్టె మీద గుండ్రటి మీటని తిప్పుతూ, తిప్పుతూ, నాలుగున్నర దగ్గర ఆపింది. "ఊఁ, పాడు," అని ఎప్పట్లాగే తనూ అందుకుంది. మంద్రంలోకి దిగేసరికి ఆవిడ గొంతు గాలైపోయింది. దగ్గింది, మంచినీళ్లు తాగింది, మళ్లీ ప్రయత్నించింది. పంచమం దగ్గర ఏమీ పలకలేదు. నేను ఆగిపోబోతే చేత్తో వద్దని సైగ చేసి, నోరు మూసుకుంది. తాళం మాత్రం వేస్తూ కూచుంది. పదిహేనేళ్లలో ఆ చాపమీద నేను ఒక్కదాన్నే పాడటం అదే మొదటిసారి. కీర్తన మొదటి నుంచి చివరిదాకా పాడాను. పైకి వెళ్లినప్పుడు తొడమీద దెబ్బ పడలేదు.

పాట అయ్యాక ఆవిడ శ్రుతి ఆపలేదు. శాలువా కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"ఇదటే నీ గొంతు?" అంది.